కప్పు కింది మనిషి

"అది వద్దే మనవరాలా. దానికి కన్నున్నాది. కన్ను నేని తుపాకీ ఉంటే అడుగు," అన్నాడు అసిరయ్య, బల్ల మీద వరసగా పెట్టిన మేకుతుపాకుల్లో ఒకదాన్ని పక్కకు జరుపుతూ.

ఇందుజ నవ్వింది. "కన్ను లేని తుపాకీ ఇప్పుడెక్కడుంటాది తాతా? పుచ్చకాయ కోసే కత్తికి కూడా కన్నుంది."

ఆమె అన్నది నిజమే. లోచూపు వచ్చి పన్నెండేళ్లయింది. అది గోరంత గాజుబిళ్ల; జనం కన్ను అంటారు. దేనికి ఆనిస్తే దాని లోపల ఏముందో పక్కనున్న చిన్న తెర మీద చూపిస్తుంది. కళింగపట్నం బజారులో ఇప్పుడు కుండ కొనేవాళ్లు దాన్ని వేలితో కొట్టి వినరు. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపరు. డాక్టరు రోగి వీపు మీద వేళ్లతో తట్టి చూడడు. తలుపు తట్టే అలవాటు కూడా పోయింది. వచ్చిందెవరో తలుపే చూసి లోపలివాళ్లకు చెబుతుంది.

కొట్టు యజమాని లోకనాథం ఇంకో తుపాకీ తెచ్చి ముందు పెట్టాడు.

"ఇది సూడండి మేస్త్రీ. వాసం ఎక్కడున్నాదో అదే ఎతుక్కుంటాది. ముక్కు కింద వాసం నేకపోతే మేకు వదల్దు. గుడ్డోడు కూడా ఇల్లు కప్పీగలడు."

"అలాగైతే గుడ్డోడికే అమ్మకపోయావా? నాకెందుకు సూపిత్తన్నావు?"

లోకనాథం పకపకా నవ్వాడు. అసిరయ్య నవ్వలేదు. తుపాకీని అందుకుని, చెయ్యి చాచి, కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అతనికి డెబ్బై నాలుగేళ్లు. ఆ తీరంలో ఉప్పుగాలికి స్లాబుల్లోని ఇనుము తుప్పు పట్టిపోయాక, జనం తాటినార ఒత్తి చేసిన నారపెంకులతో ఇళ్లు కప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ పెంకులను వాసాలకు మేకులతో బిగించడమే అతని జీవనం.

"బరువు," అన్నాడు చివరికి. "పొద్దున్న ఇంత ఉంటాది. మజ్జానానికి రెండింతలవుతాది. ఇది మీట నొక్కి పట్టుకుంటే, ముక్కు తగిలినప్పుడల్లా మేకు వదిలీ రకమేనా?"

"అవును. పని దడదడా అయిపోద్ది."

"కప్పు వాలు మీద కాలు జారితే తొడలోకి కూడా దడదడా దిగిపోద్ది. ఒక్క నొక్కుకి ఒక్క మేకు వదిలీదే ఇయ్యి."

లోకనాథం తల గోక్కుంటూ లోపలికి వెళ్లి, దుమ్ము పట్టిన తుపాకీ ఒకటి తెచ్చాడు. దాని ముక్కు పక్కన గాజుబిళ్ల పగిలి ఉంది. "దీని కన్ను పోయినాది. పారేద్దామనుకుంటన్నాను."

"పోతే పోయినాది. గాలి నిలబడతాదా?"

గాలిగొట్టం తగిలించారు. అసిరయ్య ఒక చెక్క మీద పెంకుముక్క పెట్టి మేకు దించాడు. మేకు తల పెంకులోకి కూరుకుపోయింది. అతను గాలి కొంచెం తగ్గించి మళ్లీ కొట్టాడు. ఈసారి తల కాస్త పైకి నిలబడింది. మూడోసారికి పెంకుతో సమానంగా ఆగింది. దాని మీద బొటనవేలు ఆడించి చూశాడు.

"సూడు అమ్మీ. లోపలికి దిగితే పెంకు కోసుకుపోయి గాలికి ఎగిరిపోతాది. పైకి నిలబడితే పైపెంకుని ఎత్తీసి నీళ్లు దారి సూసుకుంటాయి. వేలికి తగిలీ తగలనట్టు ఉండాల."

"కన్ను ఉంటే అదే చూసుకునేది కదా తాతా."

"సూసుకుంటాది," అన్నాడు అసిరయ్య. తుపాకీని సంచిలో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న అతను తన ఇంటి కప్పే ఎక్కాడు. ఉప్పు తిన్న పాత పెంకులు అప్పటికే విప్పేశాడు. వాసాల మీద పల్చటి నారచాప పరిచాక పైనుంచి చూసేవాడికి వాసం ఎక్కడుందో కనబడదు. ఇందుజ తుఫాను కేంద్రంలో పనిచేస్తూ తాత దగ్గరే ఉంటుంది. పది రోజుల్లో వాన పడుతుందని చెప్పింది ఆమే. ఇప్పుడు వంటింట్లో తల పైకెత్తి, చేతిలో వెదురుకర్రతో నిలబడింది.

"వాసం మీద కర్రతో తట్టు," పైనుంచి అరిచాడు అసిరయ్య. "నేను ఇని అక్కడ మేకు ఏస్తాను. మేకు పక్కకి పోయి కిందకి దిగితే రెండుసార్లు కొట్టు. ఇక ముందుకెల్లు అనడానికి మూడు."

లోచూపు రాకముందు ఆ తీరంలో ఇళ్లు కప్పేది అలాగే. పైన ఒకరు, కింద ఒకరు. ముప్పై ఏళ్లపాటు అసిరయ్య కప్పు కింద నిలబడింది అతని భార్య పైడమ్మ. నాలుగేళ్ల క్రితం ఆమె పలాసలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ చేత్తో కొట్టి ఒలిచిన జీడిపప్పు అని గొప్పగా అమ్మే షెడ్డు ఒకటుంది. అందులో ఆడవాళ్ల మధ్య కూర్చుని చిన్న కొయ్యసుత్తితో గింజలు కొడుతోంది.

ఇందుజ చెప్పినట్టే తట్టింది. పైన మేకు దిగింది. మళ్లీ తట్టింది. మళ్లీ దిగింది. ఒక్కటీ తప్పిపోలేదు. ఒక వరస అయింది, రెండు వరసలయ్యాయి. ఏడో వరస మధ్యలో పైన చప్పుడు ఆగిపోయింది.

ఇందుజ కాసేపు చూసి బయటికొచ్చింది. అసిరయ్య కప్పు మీద కూర్చుని ఉన్నాడు. తుపాకీ నుంచి గాలిగొట్టం ఊడదీసి పక్కన పెట్టాడు.

"తప్పు కొట్టానా తాతా?"

"నేదమ్మీ. సరిగ్గానే కొడతన్నావు."

"మరి ఆపేశావేం?"

"నువ్వు వాసం ఒక్కటే కొడతన్నావు," అన్నాడు.

ఇందుజకు అర్థం కాలేదు. నిచ్చెనెక్కి అతని పక్కన కూర్చుంది. "అమ్మమ్మ ఇంకేం కొట్టేది?"

"ఏటి కొట్టీదా? ఆకలేస్తే ఒకలాగ. ఇంటాయన పిసినారి, టీ కూడా ఇయ్యనేదనడానికి ఒకలాగ. ఓసారి గార ఊళ్లో ఇల్లు కప్పతన్నాం. ముందు రోజు రాత్రి మీ అమ్మని తిట్టినానని, పొద్దు గూకేదాకా ఊపిరి సలపనీకుండా కొట్టింది. నా కాళ్ల కింద కప్పంతా దడదడలాడిపోయింది. దిగొచ్చి మీ అమ్మని ఎత్తుకున్నాక గానీ కర్ర దించనేదు."

ఇందుజకు నవ్వొచ్చింది. "నువ్వు తిరిగి కొట్టేవాడివా?"

"సుత్తి ఉండీది కదా. మేకుకి మూడు దెబ్బలు సాలు. నేను నాలుగోది కొట్టీవోడిని."

"నాలుగోదంటే ఏమిటి?"

అసిరయ్య మెడ వెనక చెమట తుడుచుకున్నాడు.

"కిందకి దిగితే మాకు మాటల్నేవు అమ్మీ. మా అమ్మ ఇంట్లో మొగుడూ పెళ్లాం మాటాడుకోడం నేను సూడనేదు. దానికీ అంతే. పని ఉన్నన్నాళ్లూ మాకది తెలవనేదు. పదేళ్ల కిందట నేనూ ఒక కన్ను తుపాకీ తెచ్చినాక తెలిసింది."

లోచూపు కనిపెట్టినవాళ్లు వాసం ఎక్కడుందో చెప్పడానికి కింద ఒక మనిషి అక్కర్లేదని సరిగ్గానే లెక్క వేశారు. వాసం సంగతి తప్ప ఆ మనిషి ఇంకేమీ చెప్పదనుకున్నారు.

"ఎల్లుండి పలాస వెళ్తున్నాను. ఒక్కసారి ఫోను చెయ్యకూడదా తాతా?"

"నా గొంతు ఇంటే ఫోను పెట్టీసింది రెండుసార్లు. పెట్టకపోయినా నేనేటి మాటాడతాను? ఆఁ ఊఁ అంటాను." ఆమె వైపు తిరిగి అడిగాడు. "రాస్తావా? నేను సెప్తాను, నువ్వు రాయి. బాగుసెయ్యకు. నేనన్నది అన్నట్టే రాయి."

కప్పు మీదే కూర్చుని అతను చెప్పాడు. మాటకూ మాటకూ మధ్య చాలా ఖాళీ వదిలాడు. ఇందుజ తొందరపెట్టలేదు.

"పైడీ. నేను అసిరయ్యని. ఇల్లు కప్పతన్నాను. ఆరు వరసలు అయినాయి. వంటిల్లు మీద ఇంకా అవనేదు.

"కన్ను తుపాకీ తెచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటాది. నేను తెచ్చి గుమ్మంలో పెట్టి, రేపట్నుంచి నువ్వు రానక్కర్నేదు అన్నాను. అదొక్క ముక్కే అన్నాను. నువ్వు కర్ర పొయ్యిలో ఎట్టీసినావు. మరి ఆరేళ్లు ఎదురెదురుగా కూకొని తిన్నాం. నేనేటీ అననేదు, నువ్వేటీ అననేదు.

"ఎందుకన్నానో సెప్పనేదు నేను. ఆ ఏడు నీ కుడి భుజం పైకి లెగనేదు. జడేసుకోడానికి మన పిల్లని పిలిసీదానివి. కప్పు కింద నిలబడి ఎడంచేత్తో కొట్టీదానివి. నేను పైనుంచి ఇనీవోడిని. కుడిచేతి దెబ్బ ఒకలాగుంటాది, ఎడంచేతి దెబ్బ ఒకలాగుంటాది. నువ్వు నాకు సెప్పనేదు, నేను నిన్ను అడగనేదు. నీ కళ్లల్లో నుసి పడి ఎర్రగా ఉండీవి. ఇక ఈ మనిషిని నిలబెట్టకూడదనుకొని ఆ తుపాకీ తెచ్చినాను. నువ్వు నాకక్కర్నేదని తేనేదు. నువ్వలాగనుకున్నావని నాకు నువ్వెల్లిపోయినాక తెలిసింది. అప్పటికైనా రావాల్సింది. వొచ్చి ఏటి సెప్పాలో తెలీక రానేదు.

"నిన్ను పనికి పిలవడం నేదు పైడీ. వంటింటి మీద పెంకు రేపు నేనే ఏసేస్తాను, మనవరాలు సాయం పడతాది. వానొచ్చినా నీ పొయ్యి తడవదు. అంతే."

ఇందుజ రాయడం ఆపి తలెత్తింది. "రమ్మని రాయనా తాతా?"

"నేనననేదు కదా. అననిది రాయకు."

"మరి ఎలా తెలుస్తాది అమ్మమ్మకి?"

అతను తుపాకీ అందుకుని గొట్టం తగిలించబోయి ఆగాడు.

"నువ్వు ఫోనులో పంపకమ్మీ, అది యంత్రం గొంతుతో చదువుతాది. షెడ్డులో అందరి ముందరా చదవకు. మీ అమ్మమ్మ సుత్తి పక్కన పెట్టినాక పక్కన కూకొని, మెల్లగా, నేనెక్కడాగినానో అక్కడాగి చదువు. అంతా అయినాక, భుజం ఇప్పుడెలాగుందో నేనడగమన్నానని అడుగు."