ఒకరోజు ముందే చేసిన పండగ

ఆదివారం పొద్దున్నే ఇస్సాకు కుర్చీ ఎక్కి హాలు గోడకు నీలం, తెలుపు కాగితాల తోరణం కడుతున్నాడు. కిటికీ బయట కడితే అపార్టుమెంటు రూలు ఒప్పుకోదని లోపలే కడుతున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఈ కోతిచేష్టలేమిటని రూతమ్మ వంటింట్లోంచి సణుగుతోంది. సణుగుతూనే గారెల పిండి రుబ్బుతోంది. ఆ ఇంట్లో గారెలు లేనిదే పండగ లేదు, అది ఇజ్రాయెల్ స్వాతంత్ర్య దినమైనా సరే!

గుంటూరు జిల్లాలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఇస్సాకుది అందులో ఒకటి. సింగపూర్‌లోని హౌగాంగ్‌కు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది, లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. ప్రార్థనా మందిరంలో ఎప్పుడూ వెనక బెంచీయే. అందరూ నవ్వుతూనే పలకరిస్తారు, నవ్వుతూనే "ఆంధ్రాలో కూడా యూదులుంటారా?" అని అడుగుతారు. ఎన్నేళ్ళయినా అదే ప్రశ్న. మీరు మావాళ్ళే అని ఒక్కరంటే చాలని ఆ మనిషి ఆశ. అంతకుమించి ఏమీ కోరలేదు పాపం.

ఇప్పుడా రోజు వచ్చిందనుకున్నాడు. కూతురు అమూల్య, మందిరంలో పరిచయమైన ఎలాన్‌ను ప్రేమించింది. అతని తల్లి అవివా ఇజ్రాయెల్‌లో పుట్టి పెరిగింది, భర్త పోయాక కొడుకు దగ్గర ఉంటోంది. ఆవిడ సరే అంటేనే పెళ్ళి. ఆవిడ సాయంత్రం మొదటిసారి ఇంటికొస్తోంది.

"నాన్నా, మళ్ళీ చెప్తున్నా. పండగ ఇవాళ కాదు, రేపు సాయంత్రం," అంది అమూల్య, ఫోను ముందు పెట్టి. "మందిరం వాళ్ళ మెసేజ్ చూడు లా!" విసుగొస్తే ఆమెకు సింగపూర్ యాస వచ్చేస్తుంది.

"హీబ్రూ క్యాలెండర్ చూడవే. ఇవాళ పొద్దుగూకితే ఐదో తేదీ మొదలు. మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఐదో తేదీనే చేశాడు. తారీఖు ఎవరబ్బ సొమ్మని మారుస్తారు?"

"ఐదు సోమవారం పడితే మర్నాటికి జరుపుతారు నాన్నా, అంటే రేపు పొద్దుగూకాక మొదలు. ఇవాళ సాయంత్రం సైన్యంలో పోయినవాళ్ళని తల్చుకునే రోజు మొదలవుతుంది. ఎలాన్ వాళ్ళన్నయ్య కూడా..."

"నేననేదీ అదే. అంత దుఃఖమున్న తల్లి, అలాంటి రోజున భోజనానికి వస్తానంటుందా? ఆదివారం రండి అనగానే సరే అందిగా! నిన్నగాక మొన్న పుట్టావు, నాకు నేర్పొచ్చావా?"

అమూల్య ఫోను వెనక్కి తీసుకుంది. ఎలాన్‌ను అడుగుదామంటే ఆఫీసు పని మీద సిడ్నీ వెళ్తూ విమానంలో ఉన్నాడు. నాన్న చెప్పిందే నిజమేమోనని ఊరుకుంది. గట్టిగా గొడవపడి ఆపాల్సింది, ఆపలేదు.

ఏడింటికి బెల్లు మోగింది. ఇస్సాకు పాట సౌండు పెంచి, చప్పట్లు కొడుతూ తలుపు తీశాడు.

"రండి రండి! హ్యాపీ ఇండిపెండెన్స్ డే!"

గుమ్మంలో అవివా తెల్లచొక్కా వేసుకుని నిలబడి ఉంది. ఒక చేతిలో గాజుగ్లాసులో కొవ్వొత్తి, ఇంకో చేతిలో సైనికుడి బట్టల్లో ఉన్న కుర్రాడి ఫోటో. తోరణాన్ని చూసింది, బెలూన్లను చూసింది. రూతమ్మ పరుగున వెళ్ళి పాట ఆపేసింది.

"ఇవాళ మావాడి రోజు," అంది ఆవిడ మెల్లగా, ఇంగ్లీషులో. "అక్కడైతే ఊరంతా మాతో నిలబడేది. ఇక్కడ ఏటా నేనొక్కదాన్నే గదిలో కూర్చుంటాను, ఎలాన్ ముందు ఏడవలేను. మీరు పిలిస్తే, వాణ్ణి గుర్తుపెట్టుకుని పిలిచారనుకున్నాను. మీరు మావాళ్ళే కదా, కలిసి ఏడుద్దామని వచ్చాను."

మావాళ్ళే! పద్దెనిమిదేళ్ళు ఎదురుచూసిన మాట చెవినపడ్డ క్షణంలో భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది ఇస్సాకుకు. "క్షమించండమ్మా, తారీఖు..." అన్నాడు.

ఆవిడ వెనుదిరిగింది. రూతమ్మ లిఫ్టు దాకా వెంటపడి చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి విడిపించుకోలేదు, అలాగని ఆగనూ లేదు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

"ఒక్కరోజైనా నా మాట విన్నావా నాన్నా?" అమూల్య అరిచింది. "నీకు తోరణం కావాలి, పాట కావాలి, వాళ్ళ పక్కన ముందు బెంచీ కావాలి! ఆవిడ కొడుకు పోయాడని నీకు తెలుసు. అది మన ఇంటి చావని ఒక్కసారైనా అనుకున్నావా?"

"కన్నతండ్రిని అంతమాట అంటావుటే!" అంది రూతమ్మ.

"అననీ," అన్నాడు ఇస్సాకు.

సోమవారం సాయంత్రం మందిరంలో అసలు పండగ జరిగింది. పాటలు, పిల్లల డాన్సులు, ఫోన్లో ఫోటోల మీద ఫోటోలు. ఇస్సాకు వెళ్ళలేదు. గారెలు ఎవరూ ముట్టుకోక పాడయిపోయాయి. ఎనిమిదింటికి ఎలాన్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. అమ్మ ఎవరితోనూ మాట్లాడటం లేదనీ, పెళ్ళి మాట ఇప్పుడు ఎత్తవద్దనీ, ఎప్పుడు ఎత్తాలో తనకూ తెలియదనీ రాశాడు.

అమూల్య ఫోను తండ్రి చేతికిచ్చింది. దెప్పడానికి కాదు, ఒక్కతే మొయ్యలేక. ఆయన చదివాడు, మళ్ళీ చదివాడు.

"ఆ అబ్బాయి పేరేంటమ్మా?" అన్నాడు చివరికి. "వాడి ఫోటో పట్టుకుని తల్లి గుమ్మంలో నిలబడింది. పేరైనా అడగలేదే నేను!"

"యోనాతాను. ఇరవయ్యేళ్ళకే పోయాడు నాన్నా."

"యోనాతాను," అన్నాడు ఇస్సాకు. "నీకంటే చిన్నాడు తల్లీ, నీకంటే చిన్నాడు..."

అంతే, మొహం చేతుల్లో దాచుకుని పసిపిల్లాడిలా భోరుమన్నాడు. అమూల్య కోపం ఎటుపోయిందో ఆమెకే తెలియదు. పక్కన కూలబడి ఆయన వీపు మీద చెయ్యి వేసి తనూ ఏడ్చింది. రూతమ్మ వచ్చి ఇద్దరినీ పొదువుకుంది. ఇల్లంతా యోనాతాను కోసం ఏడుస్తోంది. ఆ ఏడుపు కోసం నిన్న గుమ్మం దాకా వచ్చిన తల్లి మాత్రం అక్కడ లేదు.