ఫోన్ హోల్డర్ బిగించనన్నవాడు

"అన్నా, ఈ హోల్డర్ నా సైకిల్‌కు బిగించు."

కువైట్‌లో, అల్ రాయ్‌లోని సైకిల్ షాపులో సర్వీస్ కౌంటర్ వెనక ఏదో చైన్‌కి నూనె వేస్తున్న ఉదయ్‌కుమార్ తలెత్తి చూశాడు. వచ్చింది వెంకటేశ్వరి అని తెలియగానే గుండె ఎగిరింది. ఆమె తనను ‘అన్నా’ అందని అర్థం కాగానే ఆ గుండే చతికిలబడింది.

రాయచోటి వాళ్ళు బస్సు డ్రైవర్ నుంచి బ్యాంకు మేనేజర్ దాకా అందరినీ అన్నా అనే పిలుస్తారని ఈ రాజోలు కుర్రాడికి తెలియక కాదు. తెలిసినా నొప్పి నొప్పే.

కౌంటర్ మీద నల్లటి ప్లాస్టిక్ హోల్డర్ ఉంది. హ్యాండిల్‌కి బిగించి, అందులో ఫోన్ పెట్టుకుంటారు.

"బిగించనండి," అన్నాడు.

"ఏమి? స్క్రూ లేదా?"

"స్క్రూ ఉందండి, నాకే మనసొప్పట్లేదు. రోడ్డు మీద తొక్కే సైకిల్‌కైతే సరే. మీది మౌంటెన్ బైకు, తొక్కేది రాళ్ళలో. ఆ కుదుపులకి ఫోన్ ఎగిరిపోద్ది. ఎగరకపోతే లోపల కెమెరా పోద్ది. అదీ పోకపోతే, మీరు స్క్రీన్ చూస్తూ రాయిని చూసుకోరు. అప్పుడు మీ పళ్ళు పోతాయండి."

"నేను పని చేసేది పళ్ళ డాక్టర్ దగ్గరే. నా పళ్ళ సంగతి ఆయప్ప చూసుకుంటాడులే. నువ్వు బిగించు."

ఆ పట్టుదలకు ఒక కారణముంది. ఆ కారణం పేరు అమ్ఘరా.

ప్రతి జుమ్మాకీ, అంటే శుక్రవారం సెలవునాడు, తెల్లారుతూనే సత్యప్రసాద్ గారు నడిపే తెలుగువాళ్ళ సైకిల్ గ్రూపు ఒకటి జహ్రా దాటి ముత్లా గుట్టలకు వెళ్తుంది. జనవరిలో ఒకరోజు వెంకటేశ్వరి వెనకబడింది. దారి రెండుగా చీలినచోట, కుడివైపు వెళ్ళిన నీళ్ళ ట్యాంకర్ టైరు గుర్తులు చూసి, నీళ్ళ బండి మనుషులున్న చోటికే పోతుంది కదా అనుకుంది. రాయచోటి వేసవులు చూసిన పిల్ల అంతకంటే వేరేగా ఎలా ఆలోచిస్తుంది? ఆ ట్యాంకర్ గొర్రెల దొడ్డికి పోయింది. అక్కణ్ణుంచి ఆమె ఏదో రోడ్డెక్కి, తొక్కీ తొక్కీ, పాత ఇనుము యార్డులుండే అమ్ఘరాలో తేలింది. బ్యాగులో ఫోన్ మోగుతూనే ఉంది, ఎదురుగాలికి వినపడలేదు. గ్రూపు వాళ్ళు వెతుక్కుంటూ వచ్చేసరికి తుక్కు కార్ల మధ్య కూర్చుని, యార్డు కాపలా తాత ఇచ్చిన చాయ్ తాగుతోంది.

ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో ఆమెకు ‘అమ్ఘరా మేడమ్’ అని పేరు పడింది. పెట్టిన మహానుభావుడు ఇప్పుడు కౌంటర్ వెనక నూనె చేతులతో నిలబడి ఉన్నాడు.

"ఏప్రిల్‌లో కొత్తోళ్ళను తీసుకుపోయే రైడ్ నేనే లీడ్ చేస్తానని సత్యప్రసాద్ సార్‌కు చెప్పినా," అంది వెంకటేశ్వరి. "అందరూ నగినారు. నువ్వూ నగినావు. ముందర పోయేటోళ్ళు మ్యాప్ చూడల్ల. మలుపు మలుపుకూ ఆగి, బ్యాగు ఇప్పి చూస్తాంటే వెనకొచ్చేటోళ్ళకు నమ్మకం ఉంటాదా?"

"దారి కళ్ళతో నేర్చుకోవచ్చు కదండి. నేను చూపిస్తానండి."

"నువ్వా? నాకు ఆ పేరు పెట్టినోనివి నువ్వేగదా!"

ఉదయ్ గుడ్డ తీసి నూనె చేతులు తుడుచుకున్నాడు.

"మా పిన్ని ఏమనిందో తెల్సా? ఇంగొకసారి తప్పిపోయినావంటే ఆ సైకిల్‌ను అమ్ఘరాలోనే తూకానికి ఏసొస్తా అనింది. వారమంతా ఆ క్లినిక్‌లో చెవికి ఫోన్ పెట్టుకోని కూచుంటా. ఈ ఒక్క పొద్దే నాది. దాన్ని పోగొట్టుకోను."

అని, కౌంటర్ మీదున్న స్క్రూలు బిగించే అలెన్ కీ తనే తీసుకుని బయటికి నడిచింది.

అద్దంలోంచి ఉదయ్ చూస్తూనే ఉన్నాడు. ఆమె పేవ్‌మెంట్ మీద మోకాళ్ళపై కూర్చుని, పెదవి కొరుక్కుంటూ హోల్డర్ బిగిస్తోంది. బ్రేక్ కేబుల్‌ని కూడా కలిపి బిగిస్తోంది. ఇక ఆగలేక పరిగెత్తాడు.

"బ్రేకు పడదండి బాబూ! ఇలా ఇవ్వండి."

స్క్రూ వదులు చేసి, కేబుల్ తప్పించి, మళ్ళీ బిగించాడు.

"బిగించనంటివే?"

"నేను బిగించలేదండి. మీరు బిగించింది సరిచేశాను. పందెం వేసుకుందామా? ఈ జుమ్మా రాళ్ళ దారిలో తొక్కుదాం. ఫోన్ ఊడితే హోల్డర్ తీసెయ్యాలి."

"ఊడకపోతే?"

"ఆ పేరు ఇంకెవరూ పలకరండి. నేను చూసుకుంటాను."

"చూసుకునేది కాదు. అందరి ముందర తప్పయిందని చెప్పల్ల."

"ఆయ్. అలాగేనండి."

కువైట్‌కి వాన చుట్టపుచూపుగా వస్తుంది. ఆ జుమ్మా వచ్చింది. సన్నగా మొదలై, మట్టివాసన రేపి, నిలబడటానికి చెట్టన్నది లేని ఆ ఎడారిలో ఇద్దర్నీ శుభ్రంగా తడిపేసింది. దారి చీలే చోట, శీతాకాలం గుడారాల వాళ్ళు ఎప్పుడో పారేసిన తెల్లటి ఫ్రిజ్ ఒకటి తలుపు ఊడి, సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది. సైకిళ్ళు దానికి ఆనించి ఆగారు.

"ఈడనే నేను కుడికి పోయింది," అంది వెంకటేశ్వరి, కళ్ళమీది నీళ్ళు తుడుచుకుంటూ. "ఈ ఫ్రిజ్‌ను సచ్చేదాకా మర్చిపోను."

ఆమె హోల్డర్‌లోని ఫోన్‌కి ప్లాస్టిక్ కవరు తొడిగి, పైన తలకి పెట్టుకునే రబ్బరు బ్యాండ్లు అడ్డంగా, నిలువుగా వేసింది. గులాబీ రంగువి. ఉదయ్ ఫోన్ని చూడాల్సింది పోయి, తడిసిన ఆ మొహాన్నే చూస్తున్నాడు.

"పందెం ఫోన్ మీద. నా మొగం మీద గాదు," అందామె.

దిగుడు మొదలైంది. రాళ్ళ మీద సైకిళ్ళు ఎగిరెగిరి పడ్డాయి. ఫోన్ కదల్లేదు, ఆమె కళ్ళూ దారి వదల్లేదు. వెనకాల దబ్బుమని చప్పుడైతే బ్రేకు వేసి చూసింది. ఉదయ్ ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాడు.

"నీ హ్యాండిల్ మీద ఫోన్ గూడ లేదే! మరి ఏం చూస్తాంటివి?"

అతను ఇసుక దులుపుకుంటూ లేచాడు. చెప్పకపోయినా తెలిసింది కాబట్టి, నవ్వు దాచుకోవడానికి ఆమె ఊరికే బెల్లు కొట్టింది.

గీరుకుపోయిన మోచేత్తోనే ఉదయ్ ఆ పూట గ్రూపు అందరి ముందూ నిలబడి, ఆ పేరు పెట్టింది తనేనని, తప్పయిందని, ఇంకెవరైనా అంటే ఊరుకోనని చెప్పాడు. సత్యప్రసాద్ గారు కళ్ళజోడు పైనుంచి ఇద్దర్నీ చూసి, తనలో తానే తలాడించారు.

ఆ తర్వాత ఆమె నోట ‘అన్నా’ వినపడలేదు.

"మీరు నన్ను అన్నా అనడం మానేశారండి," అన్నాడొకరోజు, బ్రేకులు సరిచేసే నెపంతో.

"అయితే ఏమనల్ల?"

"ఏమీ అనకపోయినా హాయిగానే ఉందండి."

ఏప్రిల్ రైడ్‌కి ముందురోజు ఉదయ్ ఫోన్ చేశాడు. "రేపు చివర్లో నేనుంటానండి. ఏదైనా ఇబ్బందొస్తే ముందుకొచ్చేస్తాను."

"రావద్దు! నువ్వు ముందుకొస్తే ఆయప్పే నడిపించినాడంటారు. నేను పిలిస్తేనే రా."

"పిలిస్తేనే వస్తానండి. ఒట్టు."

కొత్తవాళ్ళు ఎప్పుడూ చెప్పిన టైముకి రారు. ఒకరికి హెల్మెట్ దొరకలేదు, ఒకరికి లిఫ్ట్ దొరకలేదు. బయల్దేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. వెంకటేశ్వరి ముందు, కొత్తవాళ్ళు మధ్యలో, ఉదయ్ అందరికంటే వెనక. మ్యాప్‌లో నీలంగీత వెంబడి ఆమె ధైర్యంగా తొక్కింది. ఎండకు కనపడటం లేదని స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెంచింది.

కాసేపటికి ఆ స్క్రీన్ మీద థర్మామీటర్ బొమ్మ ఒకటి వచ్చింది. ఫోన్ వేడెక్కింది, చల్లబడేదాకా పనిచేయదని రాసి ఉంది. తర్వాత నల్లబడింది.

కుదుపుల గురించి అంత ఉపన్యాసం ఇచ్చినవాడికీ, రబ్బరు బ్యాండ్లు వేసినామెకూ, ఇన్నేళ్ళు కువైట్‌లో ఉండి ఎండ సంగతి గుర్తురాలేదు. నల్ల ఫోను, నల్ల హోల్డరు, నడినెత్తికి వస్తున్న సూర్యుడు. ఆమె వేలు పెడితే చురుక్కుమంది.

"అక్కా, ఎటెళ్ళాలండీ?" పక్కకొచ్చి అడిగింది కొత్తగా చేరిన నాగదుర్గ.

చుట్టూ నాలుగువైపులా టైరు గుర్తులే. వెంకటేశ్వరికి పిన్ని గుర్తొచ్చింది, తుక్కు కార్లు గుర్తొచ్చాయి, వాట్సాప్‌లో నవ్వులు గుర్తొచ్చాయి. వెనక్కి తిరిగి చూసింది. దూరంగా, వరుస చివర, ఉదయ్ ఒక కాలు నేలమీద ఆనించి ఆగి ఉన్నాడు. తల వంచుకుని ఉన్నాడు. చెయ్యెత్తి ఒక్క కేక వేస్తే చాలు.

వెయ్యలేదు.

"రెండు నిమిషాలు నీళ్ళు తాగండి," అని అందరికీ చెప్పి, సైకిల్ అక్కడే పడుకోబెట్టి, పక్కనున్న దిబ్బ ఎక్కింది. కంటికి చెయ్యి అడ్డం పెట్టి చూసింది. ఇసుక, ఇసుక, కరెంటు స్తంభాలు. ఆ స్తంభాలకు ఇవతల, తెల్లగా, తలుపు లేకుండా, సగం కూరుకుపోయి...

ఫ్రిజ్!

దాన్ని చూసి దాని పాత యజమాని కూడా అంత సంతోషపడి ఉండడు. జనవరిలో అక్కడ కుడికి తిరిగి అమ్ఘరాలో తేలింది. మ్యాప్ చూసి నేర్చుకున్నది ఎంత గుర్తుందో గానీ, ఆ తప్పు మాత్రం ప్రతి గులకరాయితో సహా గుర్తుంది. ఇప్పుడు ఎడమకు.

దిబ్బ దిగింది. "యల్లా, పదండి!" అని అరిచింది. ఆ గొంతు వరుస చివరిదాకా వినపడింది.

ఫ్రిజ్ దగ్గర ట్యాంకర్ గుర్తులు ఈసారీ కుడికే పిలిచాయి. ఆమె వాటివైపు చూడనైనా చూడలేదు. ఎడమ దారి గుట్ట చుట్టూ తిరిగి, ఒక పల్లంలోకి దిగి, మళ్ళీ ఎక్కింది. ఎక్కగానే కింద, రైడ్ ముగిసే చోట వరుసగా నిలబెట్టిన గ్రూపు కార్లు, చప్పట్లు కొడుతున్న సత్యప్రసాద్ గారు కనపడ్డారు. వెంకటేశ్వరికి ఏడుపొచ్చింది. హెల్మెట్ తీసే సాకుతో కళ్ళు తుడుచుకుంది.

అందరూ చేరాక ఉదయ్ వచ్చాడు. ఆమె నేరుగా అతని దగ్గరికి నడిచింది.

"ఆడ నేను దారి తెలీక నిలబడితే, నువ్వు తల వంచుకోని ఏం చూస్తాం..."

మాట ఆగిపోయింది. అతని హ్యాండిల్ మీద నల్లటి ప్లాస్టిక్ హోల్డర్ ఉంది. అందులో ఫోను. దానికి అడ్డంగా, నిలువుగా రబ్బరు బ్యాండ్లు. గులాబీ రంగువే.

"బిగించనంటివే?" అంది మెల్లగా.

"మీరు పిలిస్తే కనపడాలి కదండి. జేబులో ఉంటే గాలికి వినపడదు. జనవరిలో మీకు అలాగే అయ్యింది కదా."

"మరి నేను పిలిచింటే?"

ఉదయ్ ఫోన్ వైపు చూపించాడు. అదీ నల్లగా ఉంది. "మీ దానికంటే ముందే ఆగిపోయిందండి. మీరు పిలిచారో లేదో తెలీదు. వస్తే ఒట్టు తప్పినట్టు. రాకపోతే... మీరు దిబ్బ దిగేదాకా నా ప్రాణం నా దగ్గర లేదండి."

"తలెత్తి చూసింటే, చెయ్యెత్తి పిలిచినానో లేదో తెలిసేది గదా!"

"అది తోచలేదండి."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూనే అడిగింది. "అంత భయమేమి? మళ్ళా తప్పిపోతాననా?"

"తప్పిపోతే వెతకడానికి నేనున్నానండి. కానీ ఓడిపోతే మీరు మళ్ళీ సైకిల్ ఎక్కరేమో అని భయం. మీరు రాని జుమ్మా నాకొద్దండి. మీరంటే నాకు చాలా ఇష్టమండి."

ఆమె నవ్వు ఆగింది. చెవుల దాకా ఎర్రబడింది, ఎండ వల్లేనని చెప్పుకోవడానికి వీలుగా.

"ఉదయ్," అంది. ఆ నోటివెంట ఆ పేరు రావడం అదే మొదటిసారి. "ఈ అండీలు ఇంగ ఖలాస్. ఇంట్లో మనిషితో ఎవరన్నా ఇన్ని అండీలు అంటారా?"

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అయ్యాక, "ఆయ్," అన్నాడు.

సత్యప్రసాద్ గారి కారులో ఏసీ గాలి తగిలేచోట రెండు ఫోన్లూ పక్కపక్కనే పెట్టారు. ముందు వెంకటేశ్వరి ఫోనుకు ప్రాణం వచ్చింది. రాగానే మోగింది. స్పీకర్ నొక్కేసరికి, రిగ్గైలో తాముండే గది నుంచి పిన్ని తిరుపాలమ్మ గొంతు కారంతా నిండింది.

"యాడుండావే? ఇంతసేపు ఫోన్ ఎత్తవు! మళ్ళా అమ్ఘరాలోనా?"

"కాదు పిన్నీ. అందర్నీ నేనే తీసుకొచ్చినా. ఒకాయన్ను ఇంటికి పిల్చుకోని వస్తాండా. సంగటి ఇంగొక ముద్ద ఎక్కువ చెయ్యి."

అటువైపు గరిటె చప్పుడు ఆగింది.

"ఎవురాయప్ప? ఏ ఊరు?"

"కోనసీమ. ఆ పేరు పెట్టినాయప్పే. అందరి ముందర తప్పయిందనిందీ ఆయప్పే."

గరిటె మళ్ళీ కదిలింది. ఉదయ్ కారు తలుపు దగ్గరికి జరిగాడు.

"మన కారం తింటాడా?"

"తింటానండి!" కారు బయటి నుంచే అరిచాడు ఉదయ్.

"మర్యాద తెలిసినోడే," అంది తిరుపాలమ్మ, గొంతులో నవ్వు దాచుకోకుండా. "రానీ. దారి మాత్రం ఆ అబ్బయ్యను చూడమను. నువ్వు చూస్తే మళ్ళా యాడికో పోతారు."

వెంకటేశ్వరి ఫోన్ తీసి బ్యాగులో వేసి, జిప్పు లాగింది. లోపల ఇంకా లైన్లోనే ఉన్న పిన్నికి వినపడేలా గట్టిగా చెప్పింది.

"దారి నాకు తెల్సు పిన్నీ."