గేటు దగ్గర తెరిచిన ఫైలు

మూడో అంతస్తు... రెండో అంతస్తు...

రోహిణి మెట్లు దూకుతోంది. చేతిలో ఒక ఫ్లాపీ. వెనకాల బూట్ల చప్పుడు!

"ఆగవే!" ఎండీ కామేశ్వరరావు అరుపు.

ఛీ, ఎంత నీచుడు!

ఫైళ్ళు తెరిచి చూపించే, కంపెనీ చేసిన డాక్యుమెంట్ వ్యూయర్‌లో పెద్ద లోపముందని వాడికి తెలుసు. ఫాంట్ పేరుకి అరవై నాలుగు అక్షరాల చోటే పెట్టారు. అంతకన్నా పొడుగు పేరిస్తే మిగతాది పక్క మెమరీలోకి పొర్లుతుంది. అక్కడ ఏం రాసుంటే కంప్యూటర్ అదే చేస్తుంది... దొంగ రాసినా సరే!

రేపు ఆ వ్యూయర్ ఇరవై బ్యాంకుల్లోకి వెళ్తోంది. ఆ లోపాన్ని ఎండీ ఓ ముఠాకి అమ్మేశాడు. ఆ సంగతి కనిపెట్టిన అజయ్‌ని పోయిన వారం చందానగర్ రోడ్డు మీద లారీ గుద్దింది.

అజయ్ ఆమె పక్క సీటు. అతని టిఫిన్ డబ్బా ఇంకా డ్రాయర్లోనే ఉంది.

ఎండీ రాసిన బేరం ఉత్తరం ఈ ఫ్లాపీలో ఉంది. అది బయటికి వెళ్ళాలి... అంతే!

గేటు!

భుజాన తుపాకీతో కాపలా కిష్టయ్య అడ్డం నిలబడ్డాడు. పక్కన బల్ల మీద ఫ్లాపీలు తనిఖీ చేసే కంప్యూటర్.

"ఫ్లాపీ ఈడ పెట్టు బిడ్డా. తెరిచి చూడకుండ పోనియ్య. రూలు."

"జర పోనియ్యి కాకా! చంపేస్తడు నన్ను!"

ఎండీ వచ్చేశాడు. రొప్పుతూ ఫ్లాపీ లాక్కున్నాడు.

"విరగ్గొట్టెయ్యండి సార్!" అంది రోహిణి. "తెరవొద్దు... దండం పెడత!"

వాడికి అనుమానం వచ్చింది.

"ఉత్త ఫ్లాపీ నాకిచ్చి అసలుది దాచావా? కిష్టయ్యా, పెట్టరా. మన వ్యూయర్లోనే తెరువు. నేను చూడాలి."

కిష్టయ్య తెరిచాడు.

స్క్రీన్ బిగుసుకుపోయింది.

కీ...చ్! మోడెమ్!

"ఏందిది సార్? ఎవలికో ఫోన్ కొడ్తున్నది!"

పొద్దున్నే ఆఫీసు ఫోన్ లైన్లన్నీ కోయించాడు ఎండీ. గేటు లైన్ సెక్యూరిటీ ఏజెన్సీది. అది గుర్తే రాలేదు వాడికి!

"ఫాంట్ పేరు మూడొందల అక్షరాలు సార్," అంది రోహిణి. "మీ ఉత్తరం బ్యాంకుకి ఫ్యాక్స్ పోతోంది. దాన్ని పంపుతున్న ఫైలు అజయ్ రాసిందే!"

ఎండీ వైరు పీకాడు. అప్పటికే ఆలస్యమైంది. జేబులో సెల్‌ఫోన్ మోగింది... బ్యాంకు నుంచే!

తీయలేదు. పిస్తోలు తీశాడు. ఆమె నుదుటికి ఆనించాడు.

రోహిణి కళ్ళు మూసుకుంది.

ఢాం!

కళ్ళు తెరిచింది. ఎండీ మోకాలు పట్టుకుని నేల మీద దొర్లుతున్నాడు. కిష్టయ్య తుపాకీలోంచి పొగ!

"గేటు కాడ పిస్తోలు తీసుడు రూలు గాదు సార్."

కిష్టయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"అజయ్ సారు దినాం డబ్బాల సగం నాకే పెట్టేటోడు, బిడ్డా."