తెల్ల గీత వేసిన చెట్టు

పొద్దున్నే కూతురు రంగు డబ్బా సంచిలో సర్దుకుంటుంటే, అమ్మ వంటగదిలోంచే ఓ మాట విసిరింది.

"ఇవాళ ఎన్ని చెట్లకి ప్రాణం పోస్తావో తల్లీ!"

కూతురు పనిచేసేది అటవీశాఖలో. కొట్టాల్సిన చెట్టుకి ఎర్ర గీత, ఉంచాల్సిన చెట్టుకి తెల్ల గీత వెయ్యడం ఆమె పని. ఎర్ర గీత పడ్డవి కోత మిల్లుకెళ్ళి తలుపులవుతాయి, బల్లలవుతాయి. కిందటేడు నిలువునా ఎండిన మాను ఒకదానికి, తొర్రల్లో పక్షులున్నాయని తెల్ల గీత వేసింది. చెట్లు కొట్టే పనిలో ఉన్న తండ్రి మీద అదే విరిగిపడి ప్రాణం తీసింది. అప్పట్నుంచీ అమ్మ నోట అన్నీ పుల్లవిరుపు మాటలే.

"పక్షులకి ఇల్లుంచావు. నా ఇల్లు కూల్చావు."

కూతుర్ని జీపులో తీసుకెళ్ళడానికొచ్చిన, తండ్రితో కలిసి చెట్లు కొట్టిన మేస్త్రీ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"చాలించు వదినా! ఆ మాను చుట్టూ తాడు కట్టించింది ఈ పిల్లే. లోపలికి అడుగు పెట్టొద్దని మా అందరిచేతా ఒట్టు కూడా వేయించుకుంది."

"మరి ఆయనెందుకు వెళ్ళినట్టు? కళ్ళు కనబడకా?"

"బాబాయ్, వద్దు!" కూతురు గట్టిగా అరిచింది.

మేస్త్రీ తల వంచుకున్నాడు. "ఆ లోయ మొత్తానికి ఫోను అందేది ఆ మాను కిందే. గంటకోసారి నువ్వు చేసేదానివిగా. 'ఎత్తకపోతే మా ఆవిడ బెంగతో చచ్చిపోతుందిరా' అంటూ, అన్న ఆ వేళకి తాడు దాటి వెళ్ళి నిలబడేవాడు."

అమ్మ చేతిలోంచి గరిటె జారిపోయింది. ఆ రోజు పదకొండింటికి తనే చేసింది. చెట్ల కింద నిలబడకండి అని చెప్పడానికే చేసింది. మాట మధ్యలో ఆగిపోతే లైను పోయిందనుకుని విసుక్కుంది కూడా.

"నీకు తెలుసా?"

"ఫోను నాన్న చేతిలోనే ఉందమ్మా."

"మరి ఇన్నాళ్ళూ నా మాటలన్నీ ఎందుకు పడ్డావే?"

"నన్ను తిడుతూ అయినా నువ్వు బతుకుతావు. నిన్ను నువ్వే తిట్టుకోవడం మొదలుపెడితే..."

అమ్మ ఆమెని దగ్గరికి లాక్కుంది. ఏడాదిగా ముట్టుకోని బిడ్డ. భుజాల్లో ఎముకలు తగిలాయి. ఎప్పుడు ఇంతలా చిక్కిపోయిందో కూడా చూసుకోలేదు.

బయట జీపు కదలబోతుంటే అమ్మ పరుగున గేటు దాకా వెళ్ళింది. జాగ్రత్తలు చెప్పబోయి పెదవి కొరుక్కుంది.

"వెళ్ళిరామ్మా. సాయంత్రం దాకా నేను ఫోను చెయ్యనే."

అనేసి, ఆ గేటు పట్టుకునే భోరుమంది.