అన్యోన్యాశ్రయ దోషం

ఓబులమ్మ మాట ఇంకా పూర్తికాలేదు, మెడలోని హేతుబిళ్ల ఎర్రబడింది.

"తొందరపాటు నిర్ధారణ," అంది బిళ్ల. "ఒకరు పడితే అందరూ పడతారని రుజువు కాదు."

ఆ ఒకరు ఆమె చెల్లెలు మారెక్క. నిన్న మిట్టమధ్యాహ్నం సౌరపలకలు తుడుస్తూ వడదెబ్బకు కుప్పకూలింది. ఆసుపత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. ఎండ తగ్గేదాకా పని ఆపమని అడగడానికే ఆడకూలీలంతా భోజనాల రేకులషెడ్డులో మేనేజరును చుట్టుముట్టారు.

బిళ్లను ఊరికే తిట్టకూడదు. అది మెడల్లోకి వచ్చాకే దొంగస్వాముల దుకాణాలు మూతపడ్డాయి, ఎన్నికల మైకులు వణికాయి. వాదనలో తప్పుంటే ఎరుపు, లేకుంటే పచ్చ. ఎర్రబడ్డ మాటకు ఎవరూ జవాబు చెప్పక్కర్లేదని చట్టం. పేదోడి నోటికి తాళం పడింది అక్కడే. పెద్దోడు మాటను ముందే సానపట్టి తెచ్చుకుంటాడు. కడుపు మండినోడు సానపడుతూ కూర్చుంటాడా?

మేనేజరు శశిధర్ చెడ్డవాడేం కాదు. నిదానంగానే చెప్పాడు. "మీలో ఒక్కరు ఆగితే కంపెనీకి తేడా పడదమ్మా. ఆగినవాళ్లకు మాత్రం కూలి పోతుంది. కాబట్టి ఆగడం ఎవరికి వాళ్లకు నష్టమే."

పచ్చ.

ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆ మాట గొణుక్కుని బిళ్ల చూసుకున్నారు. అందరికీ పచ్చే. "నా ఒక్కదాంతో ఏమైతాదిలే" అంటూ తలగుడ్డలు చుట్టుకోసాగారు. పచ్చబడితే నమ్మేయడం అలవాటైపోయింది జనానికి.

లచ్చుమక్క మాత్రం కదల్లేదు. "పనికి పోకుండా నువ్వు కూచుంటావా ఓబులా?"

"నువ్వు కూచుంటే కూచుంటా అక్కా."

"మరి నేనెందుకు కూచుంటా మే?"

"నేను కూచుంటానని."

రెండు బిళ్లలూ ఒక్కసారే ఎర్రబడ్డాయి. "అన్యోన్యాశ్రయ దోషం. దానికి ఇది ఆధారం, దీనికి అది. రెండింటి కిందా ఏమీ లేదు."

"చొప్పకట్టలు ఒకదానికొకటి ఆనించే కదా నిలబెడతాం?" అంది లచ్చుమక్క, తన బిళ్లనే నిలదీస్తూ.

"పోలిక రుజువు కాదు."

"సేద్యం చేసిన మొగం కాదులే పాపం!"

షెడ్డంతా గొల్లున నవ్వింది. "మీరిద్దరూ కూచుంటే నేను మాత్రం పోతానా?" అని వెనకనుంచి ఎవరో. ఎరుపు. "నువ్వుంటే నేనుంటా." ఎరుపు. తలగుడ్డలు మళ్లీ ఊడాయి. షెడ్డులో నిప్పు రాజుకున్నట్టు బిళ్లలన్నీ ఎర్రబడ్డాయి.

పనికి రమ్మని సైరన్ కూసింది.

అప్పుడు లేవబోయింది ఎవరనుకున్నారు? ఓబులమ్మే! ఈ పూట కూలి పోతే చెల్లెలి మందులకేం గతి? తప్పు పట్టలేని లెక్క అది, పైకి అంటే బిళ్ల పచ్చగా వెలుగుతుంది కూడా. సగం లేచి పక్కకు చూసింది. లచ్చుమక్క కాళ్లు బారజాపి, తననే నమ్ముకుని కూర్చుని ఉంది. వెనకున్న వాళ్లంతా అంతే.

ఓబులమ్మ మళ్లీ చతికిలబడింది. ఆసుపత్రి వైపు నుంచి కళ్లు మళ్లించుకోవడానికి చాలా కష్టపడింది.

మేనేజరు చేతిలో ఫోను మోగుతోంది. "బిళ్ల లెక్క ప్రకారం మీలో ఒక్కరు కూడా ఆగకూడదు. అందుకే వేరే మనుషుల్ని కూడా పెట్టుకోలేదు," అన్నాడు దిక్కుతోచక. "పైవాళ్లకు ఏమని చెప్పమంటారు?"

"కూచున్నారని చెప్పప్పా," అంది ఓబులమ్మ.

బిళ్ల ఎర్రబడలేదు, పచ్చబడలేదు. అది వాదన కాదు మరి.