గుక్కెడు ఉద్యోగం

పొద్దున్నే వంటింట్లో గ్యాస్ వాసన గుప్పుమంది. తల్లి ఒక్క పరుగున వచ్చి పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. తొమ్మిదేళ్ల చిట్టి తాపీగా అగ్గిపెట్టె వెతుక్కుంటోంది.

"మొద్దుమొహమా! పొయ్యి జోలికి పోవద్దని నిన్న చెప్పానా లేదా?"

"చెప్పావా అమ్మా?"

పాపం, దానికి నిజంగానే గుర్తులేదు. ఇవాళంటే అగ్గిపెట్టె దొరకలేదు, రేపు దొరికితే? ఏది చెప్పినా మరిచిపోయే ఈ జబ్బేమిటో డాక్టరు తేల్చి చెబితే ప్రత్యేకంగా టీచరును పెడతామనీ, లేకపోతే పిల్లను ఇక ఉంచుకోలేమనీ బడివాళ్లు తెగేసి చెప్పారు. అది తేల్చే ఆసుపత్రి చుట్టుపక్కల ఒక్కటే. రెండేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తే, మొన్ననే మొదటిసారి చూశారు.

కాసేపటికి ఆ ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టగానే ఇంటిల్లిపాదీ ఫోన్ చుట్టూ మూగారు.

"కడుపులో ఉండగా మద్యం సోకి బుర్ర దెబ్బతిన్న పిల్లలకు మొహంలో కనిపించే గుర్తులు పాపకి స్పష్టంగా లేవమ్మా. కడుపుతో ఉన్నప్పుడు మీరు మద్యం తాగారా లేదా అన్నదే ఆధారం. తాగలేదన్నారు. అంతేనా? అయితే మిగతా పరీక్షల వంతు ఇంకొకరికి ఇచ్చేస్తాం."

"మా ఇంటా వంటా లేదమ్మా!" అత్తగారు గయ్యిమంది.

భర్త ఫోన్‌ను అరచేత్తో మూసి గొంతు తగ్గించాడు. "ఫ్యాక్టరీ సంగతి చెప్పావా?"

"అది తాగడమా? నా ఉద్యోగం!"

మద్యం ఫ్యాక్టరీలో సరుకు రుచి చూడటం ఆమె పని. ఉమ్మేస్తే ఘాటు తెలియదు, గొంతు దాటాల్సిందేనని అక్కడి పెద్దాయన పట్టుదల. చిట్టి కడుపులో ఉన్నప్పుడూ రోజూ పీపాకో గుక్క, నెలలు నిండేదాకా. ఏనాడూ తూలుతూ ఇంటికి రాలేదు కనక దాన్ని తాగడమని ఎవరూ అనుకోలేదు.

"చెబితే నా బిడ్డను నేనే పాడుచేశానంటారు. ముందు మీరే అంటారు అత్తయ్యా!"

అత్తగారు కుర్చీలో కూలబడింది. "ఏ మొహం పెట్టుకుని అంటానే? కడుపుతో ఉన్నానని నువ్వు సెలవు పెడతానంటే, కూర్చుని చేసే పనేగా అని పోరి పంపింది నేను కాదూ?" ఆమె కళ్లు నిండాయి. "మనకి తెలీదే తల్లీ. ఎవరూ చెప్పలేదు."

"అమ్మా, లైన్లో ఉన్నారా?" నర్సు అడిగింది.

తల్లి ఫోన్ దగ్గరకు లాక్కుంది.

"తాగానమ్మా. రోజూ తాగాను."

నర్సు తిట్టలేదు, నిట్టూర్చనూ లేదు. "సరేనమ్మా. మిగతా పరీక్షలకు గురువారం పాపను తీసుకురండి" అని పెట్టేసింది.

అత్తగారు వచ్చి కోడలి భుజం పట్టుకుంది. ఇన్నేళ్లూ చిట్టిని మొద్దు, మొండి అని తిట్టిన తన నోటిని అరచేత్తో గట్టిగా నొక్కుకుని, తల్లి భోరున ఏడ్చింది.