సంధి తప్పిన గొంతు

"ఊస్‌మున్ మేష్టారు మాయమై మూడు రోజులైంది. ఆయన్నన్నా పట్టుకో, ఆయన్ని పట్టిచ్చినవాణ్ణన్నా పట్టుకో," అన్నాడు ఓస్లోలో గూఢచారి శాఖ చీఫ్. ఫైలు మూసేశాడు.

మర్నాడే ఏజెంట్ రగ్నా ఐక్రెమ్ వార్డో ద్వీపపు కోటలో క్యాంటీన్ మనిషిగా చేరింది. మాసిన ఏప్రన్, చేతిలో కాఫీ ఫ్లాస్కు. ఆమె ఎవరో కోట అధికారి మేజర్ బ్రెక్కెకి ఒక్కడికే తెలుసు.

నౌకాదళం రహస్య సందేశాల కోసం మేష్టారు సొంతంగా అల్లిన భాష పేరు స్కార్వ. మాటలకన్నా దాని ధ్వనులు మహా మొండివి. ప్రతి మాట చివరి శబ్దమూ తర్వాత వచ్చే మాటను బట్టి మారిపోవాలి. 'వోర్' అంటే ఎడమ, 'నిల్' అంటే రా. కలిపితే 'వోన్నిల్'.

"మధ్యలో దగ్గొచ్చినా సరే, 'వోన్' అని దగ్గి 'నిల్' అనాలమ్మాయ్. సంధి తప్పావో, సముద్రంలో తోసేస్తా!" అంటూ ఒకప్పుడు ఆర్నెల్లు రగ్నాకి గుట్టుగా పాఠం చెప్పాడాయన.

ఆ ఉదయం పొగమంచు. మూడు వందలమంది నావికులతో ఓడ రేవు ముందుకు వచ్చేసింది. ఆగితే పోటు రాళ్ళమీదికి తోసేస్తుంది. లోపలికి రెండు దారులు. ఒకదాంట్లో విదేశీ ముఠా మైన్లు పరిచిందని కబురు. ఏ దారో తేల్చుకు రావడానికి వెళ్ళి మేష్టారు మాయమయ్యాడు.

పదకొండింటికి రేడియో గరగరలాడింది. మేష్టారి గొంతు!

"బతికే ఉన్నాడు!" మేజర్ లేచి నిలబడ్డాడు. "ఏమంటున్నాడు?"

మేష్టారి సహాయకురాలు సోల్‌వై హెడ్‌ఫోన్ సర్దుకుంది. ద్వీపమంతా తల తిప్పి చూసే అందం ఆమెది. "ఎడమకి రమ్మంటున్నారు సార్. దారి శుభ్రంగా ఉందట." రగ్నా వైపు విసుగ్గా చూసింది. "ఏయ్, కాఫీ తెమ్మంటే పెళ్ళినడక నడుస్తావేం?"

రగ్నా చెవి రేడియో మీదే ఉంది. 'వోర్...' దగ్గు. 'నిల్.' ప్రాణముండగా ఆయన నోట సంధి తప్పదు.

"ఓడకి చెప్పేస్తున్నా," అంటూ మేజర్ ఫోను అందుకున్నాడు.

"ఆగండి సార్!" రగ్నా మైకు లాక్కుని స్కార్వలో అడిగింది: "మేష్టారూ, పొద్దున ఏం తిన్నారు?"

సోల్‌వై ముఖం పాలిపోయింది. రేడియోలో మళ్ళీ అదే వాక్యం. అదే చోట అదే దగ్గు.

"ఇది టేపు సార్. ఆయన మాటలు ముక్కలు కోసి అతికించారు. ఆయన పాఠాలు రికార్డు చేసుకునేది ఈవిడొక్కతే."

సోల్‌వై చెయ్యి బల్లమీదున్న తన లిప్‌స్టిక్ మీదికి పాకింది. అది లిప్‌స్టిక్ కాదు, ఒక్క తూటా పిస్తోలు. రగ్నా ఫ్లాస్కులోని వేడి కాఫీ ఆ చేతిమీద కుమ్మరించింది. తూటా పైకప్పులోకి పోయింది.

"కుడికి తిప్పండి! కుడికి!" మేజర్ అరిచాడు. ఓడ తిరిగింది. ఎడమ పక్క నీళ్ళలో, ఇరవై గజాల దూరంలో, నల్లటి మైను గుండు కనబడిందని కాసేపటికి ఓడ కెప్టెన్ చెప్పాడు.

"మేష్టారెక్కడే?" రగ్నా అడిగింది.

సోల్‌వై కాలిన చెయ్యి పట్టుకుని నవ్వింది. "టేపు పూర్తయ్యాక ఆయనతో మాకేం పని?"

సాయంత్రం ఆమెకి బేడీలు వేసి పడవెక్కించారు. రేవుగట్టున మేజర్ అడిగాడు: "ఇప్పుడా భాష ఎంతమందికి వచ్చు?"

"ఇద్దరికి. నాకూ, దానికీ." రగ్నా కళ్ళు తుడుచుకుంది. "ఇకమీద స్కార్వలో నాలుగు మాటలాడుకోవాలంటే, నేను జైలుకే పోవాలి సార్."